టెస్ట్ పైపు మీద మూడు బొట్లు

నేను వెల్డర్ కావాలంటే ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలు పడాలి. ఆ ఇద్దరూ ఏడు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే ఒక దేశం ముక్కలైన సంగతి కూడా చెప్పాలి. నాకు చరిత్ర పాఠాలు చెప్పే ఓపిక లేదు, ఆ రోజుల్లో వినే ఓపిక అంతకన్నా లేదు. కానీ వినక తప్పలేదు. ఆ చరిత్రంతా వచ్చి నా నెత్తి మీదే కూర్చుంది మరి.

అప్పుడు నేను ఖతర్‌లో, అల్ ఖోర్‌కు ఉత్తరాన వేస్తున్న గ్యాస్ పైపులైను మీద హెల్పర్‌ని. నేను అక్కడికి పోయేసరికి కువైట్ యుద్ధం అప్పుడే ముగిసింది. ఆగిపోయిన పనులన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. సముద్రం కింద తరగనంత గ్యాస్ ఉందని తేలడంతో ఎక్కడ చూసినా క్రేన్లు, పైపుల గుట్టలు, మనుషులను దింపే బస్సులు. మా జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాళ్ళమే క్యాంపులో రెండు గదులకు సరిపడా ఉండేవాళ్ళం. మా అమ్మకు మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. "అమ్మా, ఇది దుబాయ్ కాదే, ఖతర్" అని క్యాసెట్‌లో రికార్డు చేసి పంపితే, "సరే బిడ్డా, ఆ ఖతర్ దుబాయ్‌ల పైలంగుండు" అని తిరుగు క్యాసెట్ పంపింది. ఆ తర్వాత నేను దిద్దడం మానేశాను.

హెల్పర్ పని గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. వెల్డర్ కూర్చుంటే నేను నిలబడాలి. ఆయన చెయ్యి చాపితే రాడ్ అందించాలి. ఆయన అతికిన చోటును గ్రైండర్‌తో గీకి శుభ్రం చేయాలి. నీళ్ళు తేవాలి, తిట్లు తినాలి. అయినా నాకు ఆ మంట మీద మనసు పడింది. నల్లద్దం ముసుగు పెట్టుకుని చూస్తే బయటి ఎండ, ఇసుక, మనుషులు అన్నీ మాయమవుతాయి. కరిగిన ఇనుము బొట్టొక్కటే కనిపిస్తుంది, దాన్ని మెల్లగా నడిపించుకుంటూ పోవాలి. అన్నం టైములో అందరూ నీడకు పోయి నడుం వాలిస్తే నేను పారేసిన పైపు ముక్కల మీద చెయ్యి తిప్పుకునేవాడిని. పైగా ఎండాకాలానికి ఆ లైను పని అయిపోతుంది. అయిపోగానే హెల్పర్లను ఇంటికి పంపిస్తారు, వెల్డర్లను కంపెనీ తర్వాతి పనికి తీసుకుపోతుంది. ఊరికి పోయి మళ్ళీ ఏజెంటు గడప తొక్కడం నాకు చచ్చినా ఇష్టం లేదు. అందుకే ఆ రోజుల్లో నా ప్రాణమంతా ఆ వెల్డర్ కార్డు మీదే ఉండేది.

సంతకం పెట్టాల్సిన వాళ్ళలో ఒకాయన మా ఫోర్మన్. సెర్బియా మనిషి. తెల్ల మీసాలు, భారీ ఒళ్ళు, జనరేటర్ మోతను మించిన గొంతు. ఇంకొకాయన వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. క్రొయేషియా మనిషి. సన్నగా, కళ్ళద్దాలతో, ఎప్పుడూ జేబులో భూతద్దం, చేతిలో టార్చిలైటు. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఇద్దరూ ఒకే విమానంలో, ఒకే యుగోస్లావియా పాస్‌పోర్టు మీద వచ్చారు. మొదట్లో ఇద్దరిదీ ఒకే క్యారవాన్ గది, ఒకే కాఫీ గిన్నె. ఒకరినొకరు ఆటపట్టించుకోనిదే వాళ్ళకు పొద్దుపోయేది కాదు.

వాళ్ళు మాతో మాట్లాడేది ఇంగ్లీషు, హిందీ, అరబీ కలగలిసిన సైటు భాష. అది ఉన్నదున్నట్టు రాస్తే మీకు తలనొప్పి వస్తుంది కనుక తెలుగులోనే చెబుతాను.

ఒకరోజు చాయ్ టైములో వాళ్ళిద్దరూ మాకు వాళ్ళ దేశం చూపించారు. ఇన్‌స్పెక్టర్ రాడ్ల ప్యాకెట్టు ఒకటి నేల మీద పెట్టి, "ఇది వియన్నా, ఇక్కడ చక్రవర్తి" అన్నాడు. ఫోర్మన్ తన హెల్మెట్ తీసి ఇవతల బోర్లించి, "ఇది ఇస్తాంబుల్, ఇక్కడ సుల్తాన్" అన్నాడు. నీళ్ళ క్యాను దూరంగా పెట్టి దాన్ని రష్యా అన్నారు. మధ్యలో ఒక రాడ్ పడేసి అది నది అన్నారు.

"ముగ్గురికీ మా ఊళ్ళే కావాలి. మా ఊళ్ళలో ఏముందని? ఆల్‌బుకారా పళ్ళు, పందులు!" అన్నాడు ఫోర్మన్.

ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "నది అవతల మా తాత. వియన్నా చక్రవర్తి ఆయనకు మంచి బూట్లు ఇచ్చి యుద్ధానికి పంపాడు."

"ఇవతల మా తాత," అన్నాడు ఫోర్మన్. "మా రాజు ఆయనకు తుపాకీ ఇచ్చాడు, బూట్లు ఇవ్వలేదు. మా తాత సెర్బియా కోసం యుద్ధం చేశాడని పుస్తకాల్లో రాస్తారు. అబద్ధం. వీళ్ళ తాత కాళ్ళకున్న బూట్ల కోసం చేశాడు."

ఇద్దరూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మరి రష్యా ఏం చేసిందని నేను అడిగాను. "రష్యా జారు దూరం నుంచి, మీరంతా నా తమ్ముళ్ళు, నేను చూసుకుంటా అనేవాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మా పికప్ డ్రైవర్ బోధన్ నుంచి వచ్చిన ముస్లిం. నా గదిలోనే ఉండేవాడు. నేను ఆయన్ను భాయ్ అనేవాడిని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆ మాట విని భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "మా చిచ్చా గూడ గట్లనే అన్నడు తమ్మీ. నేను జూసుకుంట అని మా మడిగె రాయించుకున్నడు" అన్నాడు. బాబాయి దుకాణం కాజేసిన సంగతిని నేను సైటు భాషలోకి మార్చి చెప్పేసరికి వాళ్ళిద్దరూ భాయ్ వీపు మీద చరిచి ఆయనకు ఇంకో చాయ్ తెప్పించారు.

అదే వారం ఫోర్మన్ మమ్మల్ని పట్టుకున్నాడు. మా గదిలో అమలాపురం నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకాయన ఉండేవాడు. నేను "బస్సు పోయింది, డ్రైవర్ గూడ పోయిండు" అంటే చాలు, "పోయిండు ఏంట్రా బాబూ, పాపం, చచ్చిపోయాడా?" అని వెక్కిరించేవాడు. నేను ఊరుకుంటానా? కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. "నీ తీరు రాగం దీస్కుంట మాట్లాడాల్నా? బస్సు అప్పటిదాంక ఆగుతదా?" అని నేనూ అనేవాడిని. మేము అరుచుకోవడం చూసి ఫోర్మన్ దగ్గరకొచ్చాడు.

"మీ ఇద్దరిదీ ఏ భాష?"

"ఒకటే భాష."

"దేవుడు?"

"ఒకడే."

"మరి గొడవేమిటి?"

"మా తాతలది నిజాం రాజ్యం, వీళ్ళ తాతలది తెల్లదొరల రాజ్యం" అన్నాను.

ఆయన తొడ మీద చరుచుకుని, అవతల పైపు కింద దూరి ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను కేకేసి పిలిచాడు. "ఒరే, వచ్చి చూడు! వీళ్ళను కూడా రాజులు పంచుకున్నారట!" అని ఏదో అలాంటిదే అన్నాడు వాళ్ళ భాషలో. ఇన్‌స్పెక్టర్ పైపు కింది నుంచే పకపకా నవ్వాడు.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. క్రొయేషియా వేరే దేశమవుతానంది, సెర్బియా కుదరదంది, వాళ్ళ దేశంలో యుద్ధం వచ్చింది. మొదట్లో ఇద్దరూ ఒకే రేడియో దగ్గర చెవి పెట్టి వినేవాళ్ళు. తర్వాత వార్తల మధ్యలో ఒకరు లేచిపోవడం మొదలైంది. ఒక శుక్రవారం ఇన్‌స్పెక్టర్ తన పెట్టె తీసుకుని వేరే క్యారవాన్‌కు మారిపోయాడు. కొన్నాళ్ళకు ఆయనకు కొత్త దేశం పేరుతో కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ఫోర్మన్ పాతదాన్నే జేబులో పెట్టుకుని తిరిగాడు. అదే బూట్ల కథ నేను మళ్ళీ రెండుసార్లు విన్నాను, వేరువేరుగా. "అప్పుడు బూట్ల కోసం వచ్చారు, ఇప్పుడు ఇళ్ళ కోసం వచ్చారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చక్రవర్తి బూట్లు తొడుక్కుని మమ్మల్ని తన్నినవాళ్ళు, వాళ్ళా నాకు చెప్పేది" అన్నాడు ఫోర్మన్. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు చాలా బాధేసింది. ఎవరిది ఒప్పో తేల్చే తెలివి నాకు లేదు, ఆ అవసరమూ లేదు. నాకు ఇద్దరూ కావలసినవాళ్ళే.

అప్పటి నుంచి నాకొక కొత్త పని తగులుకుంది. ఫోర్మన్, ఇన్‌స్పెక్టర్ ఒకే పైపుకు అటొకరు ఇటొకరు నిలబడి ఉంటారు. మధ్యలో నేను. "చెప్పు ఆయనకు, జాయింట్ నలభై రెడీ" అంటాడు ఫోర్మన్. ఇన్‌స్పెక్టర్‌కు వినబడింది. ఆయనకు చెవుడు లేదు. అయినా నా వైపు చూస్తాడు. నేను చెప్పాలి. "సార్, జాయింట్ నలభై రెడీ అంట." "చెప్పు ఆయనకు, నలభైలో అతుకు పై పూత వంకరగా ఉంది, గీకించమను." నేను ఇటు తిరగాలి. "సార్, వంకరగుందంట, గీకించుమంటున్నడు." పుట్టినప్పటి నుంచి ఒకే భాష మాట్లాడిన ఇద్దరు మనుషులు, తమకు ఇద్దరికీ సరిగా రాని సైటు భాషలో, జగిత్యాల దిక్కు పిల్లగాడి నోటితో మాట్లాడుకునేవాళ్ళు. రోజుకు ఇరవై సార్లు. నా మెడ పట్టేసేది.

"వెల్డర్ ఎప్పుడైతవో గని తమ్మీ, సఫీర్ అయితే అయినవ్" అనేవాడు భాయ్. సఫీర్ అంటే రాయబారి.

"గా సఫీర్ కార్డు మీద కంపెనీ తీస్కపోదు భాయ్" అనేవాడిని నేను.

అట్లా ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు ఫోర్మన్ నేను పాత ముక్క మీద వేసిన అతుకును చాలాసేపు చూసి, ఇన్‌స్పెక్టర్ ఉన్న వైపు గడ్డం ఎగరేశాడు. "చెప్పు ఆయనకు, ఈ పిల్లవాడు టెస్టుకు రెడీ."

నేను అటు తిరిగాను. "సార్, టెస్టుకు రెడీ అంట."

"ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేనే సార్."

ఆయన కళ్ళద్దాల వెనక చిన్నగా నవ్వినట్టు నాకు తోచింది. మూడో రోజు టెస్టు పెట్టాడు. ఆరంగుళాల పైపును రెండు ముక్కలు చేసి బిగించారు, చుట్టూ తిరిగి అతకాలి. పైన వేసేటప్పుడు సుఖమే. కింది వైపు వచ్చేసరికి కరిగిన ఇనుము మన మీదే పడుతుందనిపిస్తుంది. చెమట కళ్ళలోకి కారుతున్నా చెయ్యి కదల్చకుండా పూర్తి చేశాను. ఇన్‌స్పెక్టర్ పైపు మీద ఉలితో నంబరు కొట్టి, "రేపు పొద్దున చూస్తాను. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నంబరు కొట్టిన ముక్కను ముట్టుకున్నవాడికి ఆరునెలల దాకా మళ్ళీ టెస్టు లేదు" అన్నాడు. ఈ మాట నేను చెవులారా విన్నాను. విని కూడా చేశాను, అదే నా తెలివి.

తెల్లవారితే దసరా. పొద్దున్నే భాయ్ ఎక్కడో తోట గేటు దగ్గరి నుంచి ఒక కొమ్మ విరుచుకొచ్చాడు. అరబ్బులు ఘాఫ్ అంటారు, చూస్తే సాక్షాత్తూ మన జమ్మి. గదిలో అందరం ఆకులు చేతిలో పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాం. అమలాపురం ఫిట్టర్ "మా వైపు ఈ కౌగిలింతలు ఉండవురా" అంటూనే అందరికంటే గట్టిగా వాటేసుకున్నాడు. నేను స్నానం చేసి, అమ్మ పంపిన కుంకుమ పొట్లం తీసుకుని, డ్యూటీకి అరగంట ముందే టెస్టు పెట్టిన షెడ్డుకు పోయాను.

దసరా నాడు మా ఇంట్లో కొడవలికి, గొడ్డలికి, సైకిలుకు, మా నాయన రేడియోకు కూడా బొట్టు పెట్టేవాళ్ళం. అన్నం పెట్టే పనిముట్టుకు పూజ చేయకుండా ఎట్లా ఉంటాం? సముద్రపు గాలికి కుంకుమ ఎగిరిపోతుందని కొబ్బరినూనెలో తడిపాను. ముసుగుకు ఒక బొట్టు, రాడ్ పట్టుకునే హోల్డర్‌కు ఒకటి, గ్రైండర్‌కు ఒకటి. తిరిగి వచ్చేస్తుంటే బల్ల మీద నా టెస్ట్ పైపు కనిపించింది. నా బతుకంతా దాని మీద ఉంది, దానికి పెట్టకుండా గ్రైండర్‌కు పెట్టి పోవడమా? మనసొప్పలేదు. పై పూత మీద మూడు బొట్లు పెట్టాను. నడుమ ఒకటి, అటొకటి, ఇటొకటి. కళ్ళకద్దుకుని దండం పెట్టాను. అప్పుడు ఇన్‌స్పెక్టర్ మాట గుర్తొచ్చింది. గబగబా చొక్కా చేతితో తుడిచేశాను. శుభ్రంగా పోయింది. పోయిందనుకున్నాను.

తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఫోర్మన్ చేతులు కట్టుకుని ఇవతల నిలబడ్డాడు. ఆ పరీక్ష ఎట్లా చేస్తారంటే, అతుకు మీద ఎర్ర రంగు ద్రవం పూసి కాసేపు ఆగుతారు. సన్నని పగులున్నా అది లోపలికి పోయి దాక్కుంటుంది. పైన తుడిచేసి తెల్ల పొడి కొడతారు. పగులున్న చోట ఎరుపు మళ్ళీ పైకి ఊరుతుంది. లేకపోతే అంతా పాలలాగా తెల్లగా ఉంటుంది. ఆయన పూశాడు, ఆగాడు, తుడిచాడు, తెల్ల పొడి కొట్టాడు. మేము ముగ్గురం వంగి చూస్తున్నాం. మెల్లగా ఎర్రటి మచ్చ ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. ఇటు పక్కన మూడోది.

"ఫెయిల్" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను ఇంకా దగ్గరికి వంగి మచ్చలు చూశాను. నడుమ ఒకటి, అటొకటి, ఇటొకటి. ఇనుము పగిలితే ఇంత ముద్దుగా, లెక్కగా పగులుతుందా? తుడిచిన కుంకుమ అతుకు గాట్లలో మిగిలిపోయి, నూనెతో సహా తెల్ల పొడిలోకి ఊరుతోంది. నాకు అర్థమైంది.  నేనే ముట్టుకున్నానంటే ఆరునెలలు. ఆరునెలల తర్వాత ఈ లైనే ఉండదు.

ఏం చెప్పాలో నేను తేల్చుకునేలోపు ఫోర్మన్ అందుకున్నాడు. "అడుగు ఆయన్ను! పైపును చూసి ఫెయిల్ చేశాడా, నన్ను చూసి ఫెయిల్ చేశాడా?"

"సార్..." అన్నాను నేను.

"చెప్పు ఆయనకు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మొహం ఎర్రబడి. "ఎరుపు తెలుపు చూడటానికి నాకు ఏ దేశమూ అక్కర్లేదు!"

ఆ తర్వాత నా అవసరమే లేకపోయింది. ఏడు నెలలుగా మూసి ఉన్న తూము తెరిచినట్టు ఇద్దరూ నేరుగా ఒకరి మీదికొకరు వాళ్ళ భాషలో విరుచుకుపడ్డారు. ఎన్నడూ గొంతెత్తని ఇన్‌స్పెక్టర్ కూడా షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. నాకు ఒక్క ముక్క తెలియదు గానీ నడుమ నడుమ వియన్నా వినబడింది, ఇస్తాంబుల్ వినబడింది, రష్యా కూడా వచ్చిపోయింది. ఫోర్మన్ తన బూటును నేలకేసి కొట్టి చూపించాడు. పికప్ దిగి పరుగెత్తుకొచ్చిన భాయ్ నా చెవిలో, "ఏమైంది తమ్మీ? మళ్ళ తాతల బూట్ల కాడికి వచ్చిన్రా?" అన్నాడు.

భాయ్ ఆ మాట అనగానే నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, నా మీద. నా కుంకుమ కోసం వియన్నా, ఇస్తాంబుల్ కొట్టుకోవడమేమిటి? నేను పుట్టకముందు చచ్చిపోయిన చక్రవర్తులు నా మూడు బొట్లను పట్టుకుని లేచి రావడమేమిటి? ఇక ఆగలేకపోయాను.

"ఆపుండ్రి సార్!" అని అరిచాను. ఇద్దరూ ఆగిపోయారు. సైట్ మీద హెల్పర్ అరవడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. "అది పగులు గాదు. నేనే పెట్టిన." నా నుదుటి మీది బొట్టును వేలితో చూపించాను. "ఇది. ఇదే అది. పొద్దున పెట్టిన. మాకు ఇయ్యాల పండుగ. పనిముట్లకు పెడ్తం."

 ఇన్‌స్పెక్టర్ నా నుదురు చూశాడు, పైపు చూశాడు. బల్ల మీది హోల్డర్‌కూ గ్రైండర్‌కూ ఉన్న బొట్లు చూశాడు. "నంబరు కొట్టిన ముక్కను ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నరు సార్."

"మరి?"

"దండం పెట్టకుంట ఎట్లుంట సార్? నా కార్డు దీని మీదనే ఉండె."

ఫోర్మన్ మీసాలు కదిలాయి. ఆయన నాతో కాదు, గాలితో అన్నట్టు అన్నాడు. "మా అమ్మ విత్తనాలు చల్లేముందు పూజారిని పిలిచి నాగలి మీద నీళ్ళు చల్లించేది."

ఇన్‌స్పెక్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా ఊళ్ళో ట్రాక్టర్ల మీద చల్లుతారు" అన్నాడు. అదీ గాలితోనే.

తర్వాత ఆయన గుడ్డ తీసుకుని ద్రావకంతో పైపును మూడుసార్లు కడిగాడు. మొదటి నుంచి మళ్ళీ పరీక్ష పెట్టాడు. ఎర్ర రంగు పూసి పది నిమిషాలు ఆగాల్సిన చోట నాకు పదేళ్ళు గడిచినట్టయింది. తుడిచి తెల్ల పొడి కొట్టాడు. మూడు బొట్లూ లేవు. పైన అంతా తెల్లగా ఉంది. ఫోర్మన్ ఒక పెద్ద నవ్వు నవ్వి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్‌స్పెక్టర్ మెల్లగా పైపును తిప్పాడు. పక్కలు తెల్లగా ఉన్నాయి. ఇంకా తిప్పాడు. అడుగు భాగంలో, కింది నుంచి అతికేటప్పుడు నేను చెయ్యి ఆపి రాడ్ మార్చిన చోట, వెంట్రుకంత ఎర్ర గీత.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి భూతద్దం తీసి ఫోర్మన్ చేతికిచ్చాడు. నా ద్వారా కాదు, నేరుగా ఇచ్చాడు. ఫోర్మన్ వంగి చాలాసేపు చూశాడు. లేచి నా కళ్ళలోకి చూశాడు.

"ఇక్కడ కూడా పెట్టావా బొట్టు?"

ఇన్‌స్పెక్టర్ పెన్ను పట్టుకుని ఆగి ఉన్నాడు. నేను తల ఊపితే చాలు. పొద్దున్నుంచి జరిగిన గొడవకు అలసిపోయి ఆయన కూడా సరేనంటాడని నాకు అనిపించింది. ఫోర్మన్ ఊపమనే అడిగాడేమో కూడా. కార్డు నా చేతికి అందేంత దూరంలో ఉంది. కానీ ఆ గీతకు మా అమ్మ పంపిన కుంకుమ పేరు పెట్టడానికి నాకు నోరు రాలేదు. రేపు ఇట్లాంటి అతుకే గ్యాస్ నింపిన లైనులో ఉంటుంది. పక్కన ఎవరుంటారో ఎవరికి తెలుసు?

"లేదు సార్. మూడే పెట్టిన. ఇది నా తప్పు."

"ఫెయిల్" అన్నాడు ఫోర్మన్.

"ఫెయిల్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ అదే క్షణంలో.

ఏడు నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్న మొదటి సంగతి అది. నాకు ఏడుపు రావాలి నిజానికి. నవ్వొచ్చింది. నేను నవ్వేసరికి భాయ్ నవ్వాడు. తర్వాత ఫోర్మన్ పొట్ట ఊగడం మొదలైంది. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించాడు గానీ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆరునెలల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. "పదిహేను రోజులు చాలా?" అని ఫోర్మన్‌ను అడిగాడు. "పది చాలు" అన్నాడు ఫోర్మన్.

ఆ పది రోజులు నా జీవితంలో మంచి రోజులు. డ్యూటీ దిగాక, పొద్దు కుంకేలోపు గంటసేపు ఫోర్మన్ నా వెనక నిలబడి నేర్పేవాడు. రాడ్ మార్చే ముందు చెయ్యి ఎట్లా వెనక్కి లాగాలో, మంటను ఒక్కసారిగా కాకుండా ఎట్లా నెమ్మదిగా ఆపాలో చూపించేవాడు. నాలుగో రోజు నుంచి ఇన్‌స్పెక్టర్ కూడా అటుగా పోతూ ఆగడం మొదలుపెట్టాడు. "అంత వేగం వద్దను వాణ్ని" అని ఫోర్మన్‌తోనే అనేవాడు. "నీకేం తెలుసు, వేగం తగ్గిస్తే కారిపోతుంది" అని ఫోర్మన్ నేరుగా ఆయనకే జవాబిచ్చేవాడు. నా అతుకు మీద వాళ్ళు పోట్లాడుకుంటుంటే నా కడుపు చల్లబడేది. మళ్ళీ స్నేహితులయ్యారని మాత్రం చెప్పను. వార్తలు చెడ్డగా వచ్చిన రోజు ఇద్దరూ ముభావంగా ఉండేవాళ్ళు, "చెప్పు ఆయనకు" మళ్ళీ మొదలయ్యేది. పని మాట వరకే వాళ్ళ మాట.

రెండోసారి నేను పాసయ్యాను. ఈసారి పైపుకు బొట్టు పెట్టలేదు, దూరం నుంచే దండం పెట్టాను. ఎక్స్‌రేలో కూడా ఏమీ కనబడలేదు. కాగితం మీద రెండు సంతకాలూ పడ్డాయి. గదిలో ఆ రోజు ఫిట్టర్ చేపల పులుసు పెట్టాడు. "వెల్డర్ గారూ, కాస్త అటు జరుగుతారా" అని అందరూ నన్ను ఏడిపించారు. నేను దర్జాగా జరిగాను. అమ్మకు క్యాసెట్ పంపాను. "దుబాయ్‌ల పెద్ద మేస్త్రీ అయిండట మా పిల్లగాడు" అని వాడకట్టంతా చెప్పుకుందని తర్వాత తెలిసింది.

చలికాలం ముగిసేటప్పుడు ఇన్‌స్పెక్టర్ పని వదిలి ఇంటికి పోతున్నాడని తెలిసింది. కొత్త దేశంలో, భార్యాపిల్లల దగ్గరికి. పోయే రోజు పొద్దున భాయ్ పికప్‌లో ఆయన పెట్టెలు ఎక్కిస్తున్నాడు. నేను లైను మీద నా సొంత జాయింట్ సగంలో ఉన్నాను. ఫోర్మన్ నా వెనక వచ్చి నిలబడ్డాడు.  నేను రాడ్ మార్చడానికి ఆగినప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"పోయి చెప్పు ఆయనకు. ప్రయాణం జాగ్రత్త అని చెప్పు."

నాకు కోపం నషాళానికెక్కింది. ముసుగు పైకెత్తాను. "సార్, నేను ఇప్పుడు హెల్పర్‌ను గాదు. వెల్డర్‌ను. జాయింట్ సగంల ఇడిసిపెట్టి పోతే పగులుతదని మీరే చెప్పిన్రు. నేను పోను. మీరే పోయి చెప్పుండ్రి."

ఆయన నన్ను ఏదో తిట్టాడు వాళ్ళ భాషలో. కొడతాడేమో అనుకున్నాను. తర్వాత హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పికప్ వైపు నడిచాడు. నేను ముసుగు దించుకోలేదు. ఇద్దరూ బండి పక్కన నిలబడి మాట్లాడుకోవడం చూస్తూనే ఉన్నాను. భాయ్ విమానానికి ఆలస్యమవుతుందని రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారి కొట్టకుండా తనే కిందికి దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఫోర్మన్ చెబుతున్నది రాసుకున్నాడు.

పికప్ వెళ్ళిపోయింది. ఫోర్మన్ తిరిగొచ్చి నా పక్కన పైపు మీద కూర్చున్నాడు. మీసాలు తుడుచుకున్నాడు.

"మా అక్క ఊరు వాళ్ళ వైపు ఉండిపోయింది" అన్నాడు. "యుద్ధం మొదలైనప్పటి నుంచి ఉత్తరం లేదు. వెళ్ళి చూసి రాస్తానన్నాడు."

ఆయనకు ఒక అక్క ఉందని నాకు అప్పుడే తెలిసింది. అన్ని నెలలూ ప్రతి జాయింట్ నంబరునూ నా నోటికిచ్చి మోయించిన మనిషి, ఈ ఒక్క మాటను మాత్రం నాకు ఇవ్వలేదు.